దెబ్బతిన్న సిలికాన్‌తో పని చేయించడం ఎలా?

పోయిన నెల ఈ శీర్షికలో సెర్న్ పరిశోధన కేంద్రంలోని ఎల్‌హెచ్‌సీ (ప్రోటాన్లని ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం) గురించి రాస్తూ, అక్కడి సిలికాన్ సెన్సర్లు రేడియేషన్‌కి కొన్నేళ్ళలోనే దెబ్బతింటాయని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయాను. ఆ ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. నేను పీహెచ్‌డీ చేసింది ఈ పని మీదే. ఆరేళ్ళు తిన్నా పడుకున్నా ఇదే ధ్యాస, కాబట్టి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను. పేరు వేయొద్దన్నవాళ్ళు కొందరున్నారు, అందుకని అందరివీ ఊరి పేర్లతోనే వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్, రేడియేషన్‌ని పట్టుకోవడానికే కదా సెన్సర్ పెట్టేది. అదే రేడియేషన్ దాన్ని పాడుచేయడమేంటి? జ్వరం చూసే థర్మామీటర్ జ్వరానికే పగిలిపోయినట్టుంది.
– బీఎస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నీ పోలిక నాకు నచ్చిందమ్మా. అసలు విషయం ఏంటంటే, లోపలికొచ్చిన కణం సిలికాన్‌లో రెండు వేరువేరు పనులు చేస్తుంది. ఒకటి మనకి కావలసింది, ఇంకోటి మనం వద్దనుకునేది.

కావలసింది ముందు చూద్దాం. సెన్సర్ అంటే 300 మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని సిలికాన్ పలక అనుకో. వేగంగా వచ్చే ప్రోటాన్ లాంటి కణం దాన్ని దాటి వెళ్తూ దారిపొడుగునా ఎలక్ట్రాన్లను వాటి చోటు నుంచి కదిలిస్తుంది. ఒక ఎలక్ట్రాన్-హోల్ జంట (హోల్ అంటే ఎలక్ట్రాన్ లేచిపోయిన ఖాళీ) పుట్టడానికి సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు, అందుకే అంత సన్నటి పలకలో కూడా 20 వేలకు పైగా జంటలు పుడతాయి. పలకకి వోల్టేజీ పెట్టి ఉంచుతాం కాబట్టి ఎలక్ట్రాన్లు ఒక వైపుకి, హోల్స్ ఇంకో వైపుకి పరిగెడతాయి. ఆ కదలికే మన సిగ్నల్. దీనివల్ల సిలికాన్‌కి ఏ నష్టమూ లేదు, కదిలిన ఎలక్ట్రాన్ల చోట్లోకి వేరేవి వచ్చి కూర్చుంటాయి, పలక మళ్ళీ మామూలైపోతుంది.

వద్దనుకునేది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. కణం వెళ్ళి నేరుగా సిలికాన్ పరమాణువు కేంద్రకానికే తగులుతుంది. పరమాణువులన్నీ వరసలు తప్పకుండా కూర్చుని ఉంటాయి కదా, వాటిలో ఒకదాన్ని వరసలోంచి లేపేయడానికి సుమారు 25 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఒక న్యూట్రాన్ గట్టిగా తగిలితే ఆ పరమాణువుకి లక్షా ముప్పై వేల దాకా అందొచ్చు. ఇక అది ఊరుకుంటుందా, తను ఎగిరిపోతూ పక్కవాటిని, అవి వాటి పక్కవాటిని లేపేస్తూ ఒకే చోట వందల పరమాణువులు చెల్లాచెదురవుతాయి. గది వేడిలో వాటిలో ఎక్కువ భాగం తిరిగి ఏదో ఒక ఖాళీలో సర్దుకుంటాయి. సర్దుకోనివి, వాటితోపాటు మిగిలిపోయిన ఖాళీలు, సిలికాన్ లోపల తిరిగి తిరిగి ఏ ఆక్సిజన్‌నో కార్బన్‌నో ఫాస్ఫరస్‌నో బోరాన్‌నో పట్టుకుని అక్కడే స్థిరపడిపోతాయి. నష్టం అంటే ఇదే. థర్మామీటర్ పగలడం ఒక్కసారి జరిగిపోతుంది, ఇది మాత్రం రోజూ కొంచెం కొంచెం.

ఎంత అని అడుగుతావు కాబట్టి చెప్తున్నాను. ఎల్‌హెచ్‌సీలో 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్ గుంపులు సెకనుకి 4 కోట్ల సార్లు ఎదురెదురుగా దాటుతుంటాయి. దాన్నే ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ ఢీకొట్టించేలా మారుస్తున్నారు, 2030 ప్రాంతంలో మొదలవ్వాలి. అప్పుడు ఢీకొనే చోటికి అతి దగ్గరగా ఉన్న సెన్సర్ మీద, బొటనవేలి గోరంత జాగాలో, దాని జీవితకాలంలో పడే దెబ్బ 2 పక్కన 16 సున్నాలు పెడితే వచ్చేన్ని న్యూట్రాన్లతో సమానం. అన్నీ న్యూట్రాన్లే అని కాదు, ప్రోటాన్లు, పయాన్లు అన్నీ ఉంటాయి. ఒక్కోదాని దెబ్బ ఒక్కోలా ఉంటుంది కాబట్టి, డాలర్లూ యూరోలూ అన్నీ రూపాయల్లోకి మార్చి లెక్క చూసుకున్నట్టు, అన్నిటినీ ఆ 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ల లెక్కలోకి మార్చి చెప్పుకుంటాం. ఆ మార్పిడి రేటు కనిపెట్టడానికే చాలామంది ఏళ్ళు ఖర్చుపెట్టారు.

ప్రశ్న: మా షాపులో ఐసీ పోయిందంటే పోయింది, తీసి కొత్తది వేస్తాం. మీ సెన్సర్ "దెబ్బతినడం" అంటే ఏమవుతుంది? అసలు దెబ్బతినకుండా గట్టి సిలికాన్ చేయలేరా?
– మొబైల్ రిపేరు షాపు యజమాని, చిత్తూరు

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే. దెబ్బతినని సిలికాన్ ఎవరూ చేయలేదండీ. కణం వచ్చి కేంద్రకానికి తగిలితే పరమాణువు లేచిపోతుంది, దాన్ని ఆపే మార్గం లేదు. ఈ రంగంలో ముప్ఫై ఏళ్ళుగా జరిగిన పనంతా దెబ్బతిన్న తర్వాత కూడా సిగ్నల్ ఇచ్చే సెన్సర్ చేయడం గురించే. మనం రేడియేషన్ తట్టుకునే సెన్సర్ అని తేలిగ్గా అనేస్తాం గానీ, నిజానికి అది దెబ్బలన్నీ తింటూ పనిచేసే సెన్సర్.

ఇప్పుడు ఏమవుతుందో చెప్తాను, మీరు మీటరు పట్టే మనిషి కాబట్టి అంకెల్లోనే చెప్తాను. చదరపు సెంటీమీటరు వైశాల్యం, 300 మైక్రాన్ల మందం ఉన్న కొత్త సెన్సర్ తీసుకుని రివర్స్‌లో వోల్టేజీ పెడితే కొన్ని నానో ఆంపియర్ల లీకేజీ, అంటే ఏ కణమూ రాకపోయినా పారే కరెంటు, చూపిస్తుంది. దాని మీద 1 పక్కన 15 సున్నాలంత దెబ్బ పడిందనుకోండి, 20 డిగ్రీల దగ్గర అదే లీకేజీ 1.2 మిల్లీ ఆంపియర్లు. లక్షల రెట్లు. 600 వోల్టుల మీద నడుపుతుంటే అంత చిన్న ముక్కలో 0.7 వాట్ల వేడి. వేడెక్కితే లీకేజీ ఇంకా పెరుగుతుంది, లీకేజీ పెరిగితే ఇంకా వేడెక్కుతుంది, అలా పోయి పోయి అదుపు తప్పుతుంది. మీ షాపులో షార్టయిన బ్యాటరీ ఎలా ఉబ్బుతుందో చూసే ఉంటారు, దాదాపు అదే వరస.

ఇక్కడ నన్ను మొదటిసారి ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ఈ లీకేజీ సిలికాన్ ఎవరు చేశారు, ఎలా చేశారు, అందులో ఆక్సిజన్ ఎంతుంది, ఎన్-టైపా (ఫాస్ఫరస్ కలిపింది) పీ-టైపా (బోరాన్ కలిపింది) అన్నదాని మీద ఆధారపడదు. దెబ్బ ఎంతో లీకేజీ అంత, అంతే. నేను మూడు రకాల వేఫర్ల (సిలికాన్ పలకల) ముక్కలు కొలిచి మూడూ ఒకే గీత మీద పడేసరికి ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ మొదలుపెట్టాను. తప్పేమీ లేదు. అంటే లీకేజీ విషయంలో పదార్థం మార్చి లాభం లేదు, మన చేతిలో ఉన్నది చల్లబరచడమొక్కటే. ప్రతి ఏడెనిమిది డిగ్రీలకి లీకేజీ సగమవుతుంది. 20 నుంచి మైనస్ 20కి దించితే దాదాపు 60 రెట్లు తగ్గి, పైన చెప్పిన 1.2 మిల్లీ కాస్తా 20 మైక్రో ఆంపియర్లకి వస్తుంది. అందుకే కొత్త డిటెక్టర్లలో సన్నటి గొట్టాల్లో కార్బన్ డయాక్సైడ్ ద్రవాన్ని పారించి సెన్సర్లని సున్నాకి బాగా కిందనే ఉంచుతారు.

రెండో సంగతి వోల్టేజీ. సెన్సర్ మందమంతా పనిచేయాలంటే ఆ మందమంతటా విద్యుత్ క్షేత్రం పరుచుకోవాలి. దెబ్బలు పెరిగేకొద్దీ లోపల పుట్టే లోపాలు బోరాన్ లాంటి పరమాణువుల్లా ప్రవర్తిస్తాయి. ఎన్-టైప్ సిలికాన్ ఉందనుకోండి, మొదట అందులోని ఫాస్ఫరస్ ప్రభావం తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వస్తుంది, ఆ తర్వాత అది పీ-టైప్‌లా మారిపోతుంది! మొదట్లో పై వైపు నుంచి పరుచుకునే క్షేత్రం కింద వైపు నుంచి పరుచుకోవడం మొదలుపెడుతుంది. సిగ్నల్ తీసుకునే తీగలేమో పైన ఉన్నాయి. పూర్తి మందం పరుచుకునేంత వోల్టేజీ పెట్టలేకపోతే ఆ తీగలకి సరిగ్గా ఏమీ అందదు. దానికి దొరికిన ఉపాయం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది: ఎలాగూ పీ-టైప్ అయ్యేదే కదా, మొదటి నుంచీ పీ-టైపే వాడితే సరి. తీగల వైపే క్షేత్రం బలంగా ఉంటుంది, పైగా తీగలకి చేరేది ఎలక్ట్రాన్లు, అవి సిలికాన్‌లో హోల్స్ కంటే మూడు రెట్లు చురుగ్గా కదులుతాయి. ఇప్పుడు ఎల్‌హెచ్‌సీలోని రెండు పెద్ద డిటెక్టర్లు సీఎంఎస్, అట్లాస్‌ల కొత్త ట్రాకర్లు (కణాల దారి పట్టుకునే భాగాలు) రెండూ పీ-టైపే. అంతకు ముందు, 1990ల్లో ఒక అంతర్జాతీయ బృందం సిలికాన్‌లోకి కావాలనే ఆక్సిజన్ ఎక్కించి చూసింది. ప్రోటాన్ల వంటి ఛార్జ్ ఉన్న కణాల దెబ్బకి వోల్టేజీ పెరగడం బాగా తగ్గింది, న్యూట్రాన్లకి మాత్రం పెద్దగా తేడా రాలేదు. ఆ పద్ధతి అట్లాస్ మొదటి పిక్సెల్ డిటెక్టర్‌లోకి వెళ్ళింది.

మూడోది అన్నిటికంటే మొండిది. పుట్టిన ఎలక్ట్రాన్లు తీగ దాకా రావు, దారిలో లోపాల్లో చిక్కుకుంటాయి. అలిపిరి నుంచి వందమంది కలిసి నడక మొదలుపెట్టారనుకోండి, టోకెన్‌లో టైము రాసి ఉంది. మెట్లు 3550. దారిలో మోకాళ్ళు పట్టేసి మండపాల్లో కూర్చుండిపోయినవాళ్ళు తర్వాత లేచి రావచ్చు, కానీ వాళ్ళ టైము అయిపోయి ఉంటుంది. మన సెన్సర్ టైము 25 నానో సెకన్లు, అది దాటితే తర్వాతి గుంపు వచ్చేస్తుంది. 1 పక్కన 16 సున్నాల దెబ్బ తర్వాత లెక్క ప్రకారం ఎలక్ట్రాన్ సగటున 20, 30 మైక్రాన్లు నడిచేసరికి ఎక్కడో చిక్కుకుంటుంది. మన పలక మందం 300. మరేం చేయాలి? దారి తగ్గించాలి. శ్రీవారి మెట్టు వైపు నుంచి వస్తే 2388 మెట్లే కదా, అలా. పలకని 100, 150 మైక్రాన్లకి సన్నం చేస్తే దారి తగ్గుతుంది, కావలసిన వోల్టేజీ కూడా బాగా తగ్గుతుంది, ఎందుకంటే మందం సగమైతే వోల్టేజీ నాలుగో వంతు చాలు. కానీ సన్నం చేస్తే పుట్టే జంటలూ తగ్గుతాయి, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవడమన్నమాట.

ఇక్కడే 1997లో షెర్వుడ్ పార్కర్, ఆయన తోటివాళ్ళు కలిసి వేరే దారి చూపించారు. మన జిల్లావాళ్ళకి దీన్ని బోర్లతో చెప్తే ఇట్టే అర్థమవుతుంది. తీగలు పలక పైన పరిచే బదులు, పలకలోకి నిలువునా సన్నటి రంధ్రాలు తొలిచి వాటినే ఎలక్ట్రోడ్లుగా చేశారు. రంధ్రం సుమారు 10 మైక్రాన్ల వెడల్పు, రెండు రంధ్రాల మధ్య కొన్ని పదుల మైక్రాన్లు. పొలంలో ఎక్కడ పడ్డ చినుకైనా పొలం చివర ఉన్న బావి దాకా పారక్కర్లేకుండా అడుగడుగునా బోరు ఉన్నట్టు, ఎలక్ట్రాన్ ఎంత లోతులో పుట్టినా పక్కనే ఉన్న రంధ్రంలోకి అడ్డంగా నడిస్తే చాలు. పలక మందంగానే ఉంటుంది కాబట్టి సిగ్నల్ తగ్గదు, దారి మాత్రం తగ్గుతుంది. చేయడం కష్టం, ఖర్చు ఎక్కువ, అందుకని అన్ని చోట్లా పెట్టరు, ఢీకొనే చోటికి బాగా దగ్గర్లోనే పెడతారు. 2014లో అట్లాస్ లోపలి పొరలో మొదటిసారి అమర్చారు. నా ఉద్దేశంలో ఈ రంగంలో ఇంత అందమైన ఆలోచన ఇంకోటి రాలేదు.

ఇంకో రకం గురించి కూడా చెప్పాలి. సెకనులో లక్ష కోట్ల వంతుల్లో 30 వంతుల తేడాని కూడా పట్టుకునే సెన్సర్లు వచ్చాయి, అందులో బోరాన్‌తో చేసిన ఒక పలుచటి పొర సిగ్నల్‌ని పెంచుతుంది. దెబ్బలకి చోటు తప్పిన సిలికాన్ పరమాణువులు తిరుగుతూ వచ్చి ఆ బోరాన్‌ని దాని చోటు నుంచి నెట్టేస్తాయి, పొర ప్రభావం పోతుంది. పక్కనే కాస్త కార్బన్ కలిపితే, ఆ తిరిగే పరమాణువులు ముందు కార్బన్‌ని తగులుకుంటాయి, బోరాన్ ఎక్కువ కాలం నిలబడుతుంది. మామూలుగా చిప్పుల ఫ్యాక్టరీలో కార్బన్ చేరితే మలినం అంటారు, ఇక్కడ దాన్నే కొలిచి కలుపుతున్నారు.

ప్రశ్న: లీకేజీ తగ్గడానికి చల్లగా నడుపుతారు, సరే. మరి స్విచ్ ఆపేసినప్పుడు కూడా సెన్సర్లని ఫ్రీజర్లోనే ఉంచుతారని చదివాను, ఎందుకు?
– మామిడి రైతు ఇంట్లోంచి ఇంజనీరింగ్ విద్యార్థి, దామలచెరువు

జవాబు: మీ ఊరి మండీలోనే ఉంది బాబూ జవాబు. కోసిన కాయని మాగబెడితే కొన్ని రోజులు మంచే జరుగుతుంది, ఆ తర్వాత ఒక్క రోజు ఎక్కువైనా కుళ్ళడం మొదలు. దెబ్బతిన్న సిలికాన్‌ని గది వేడిలో వదిలేస్తే మొదటి కొన్ని రోజులు లోపల కొన్ని లోపాలు సర్దుకుని, కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. అక్కడితో ఆగితే బాగుండు, కానీ ఇంకా వదిలేస్తే వారాలు నెలలు గడిచేకొద్దీ వేరే లోపాలు జతకట్టి ఆ వోల్టేజీని మొదట ఉన్నదానికంటే పైకి తీసుకెళ్తాయి. లీకేజీ మాత్రం అంతసేపూ తగ్గుతూనే ఉంటుంది, అక్కడ మామిడి పోలిక కుదరదు. చల్లగా ఉంచితే ఈ కదలికలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అందుకే మరమ్మతులకని డిటెక్టర్‌ని వేడెక్కనిచ్చిన రోజులు ఎన్నో లెక్కపెట్టి రాసుకుంటారు. ల్యాబ్‌లో మేం కావాలనే 60 డిగ్రీల ఓవెన్‌లో 80 నిమిషాలు ఉంచుతాం, గది వేడిలో వారాలు పట్టే మార్పు అందులో అయిపోతుంది. ప్రపంచంలో ఎవరు కొలిచినా అదే 80 నిమిషాలు వాడితే అంకెలు పోల్చుకోవచ్చు.

ఇది నాకు పుస్తకం కంటే ముందు అనుభవం నేర్పింది. పీహెచ్‌డీ మూడో ఏడు, మే నెల. స్లోవేనియాలోని ల్యుబ్లియానాలో ఒక చిన్న పరిశోధన రియాక్టర్ ఉంది, అక్కడ న్యూట్రాన్ల దెబ్బ తినిపించిన పది ముక్కలు ఐస్ ప్యాకుల మధ్య పెట్టెలో వచ్చాయి. ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత. వాటి కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. శుక్రవారం సాయంత్రం మూడు కొలిచి, మిగతావి సోమవారం చూద్దామని ఫ్రీజర్లో పెట్టి వెళ్ళాను. శని, ఆదివారాల్లో ఎప్పుడో కరెంటు పోయింది. కరెంటు పోతే మోగుతుందని చెప్పి అమ్మిన అలారం మోగలేదు. సోమవారం తలుపు తెరిస్తే లోపల గదికంటే కొంచెం వెచ్చగా ఉంది, పెట్టె అడుగున నీళ్ళు. ముక్కలు చూడ్డానికి ఏమీ కాలేదు, మెరుస్తూనే ఉన్నాయి, కానీ ఎంతసేపు మాగాయో తెలియని కాయలతో నేనేం కొలవాలి? ఆ రోజు నాకొచ్చిన ఏడుపు ఇంకా గుర్తుంది.

మా గైడ్ గారు ఒక మాటన్నారు, శుక్రవారం కొలిచిన మూడూ మళ్ళీ కొలువు అని. లీకేజీ ఏ వేడిలో ఎంతసేపటికి ఎంత తగ్గుతుందో ముందే తెలుసు కదా. శుక్రవారం అంకెకీ సోమవారం అంకెకీ తేడా చూసి వెనక్కి లెక్కేస్తే ముక్కలు దాదాపు ముప్ఫై గంటలు వెచ్చగా ఉన్నట్టు తేలింది. మూడూ ఇంచుమించు ఒకే జవాబిచ్చాయి. పాడైపోయాయనుకున్న ముక్కలే ఎంతసేపు పాడయ్యాయో చెప్పాయి. ఆ మూడింటి అంకెలు, కరెంటు పోయిన సంగతితో సహా, నా థీసిస్‌లో ఉన్నాయి.

ప్రశ్న: వజ్రం అన్నిటికంటే గట్టిది కదండీ. సిలికాన్ బదులు వజ్రంతో చేస్తే?
– నగల షాపు, గాంధీ రోడ్డు, తిరుపతి

జవాబు: చేశారండీ. గనిలోది కాదు, ల్యాబ్‌లో వాయువు నుంచి పెంచిన వజ్రం. దాన్లో పరమాణువుని లేపడానికి ఎక్కువ శక్తి కావాలి, లీకేజీ దాదాపు లేదు, చల్లబరచక్కర్లేదు. కానీ ఒక జంట పుట్టడానికి సిలికాన్‌లో 3.6 ఎలక్ట్రాన్ వోల్టులైతే వజ్రంలో 13 కావాలి, అంటే సిగ్నల్ చిన్నది. పెద్ద పలకలు దొరకవు, ధర సంగతి మీకు నేను చెప్పాలా. ఎల్‌హెచ్‌సీలో కిరణపుంజం దగ్గర కాపలాకి వజ్రం సెన్సర్లు ఉన్నాయి. సీఎంఎస్ ట్రాకర్‌లో మాత్రం సిలికాన్ సుమారు 200 చదరపు మీటర్లు, అంత వజ్రంతో పరచడం అయ్యే పని కాదు.

ప్రశ్న: నేను డిజిటల్ ఎక్స్‌రే తీస్తాను. రోజుకి వంద తీస్తే మా ప్యానెల్ కూడా ఇలాగే దెబ్బతింటుందా?
– రేడియోగ్రాఫర్, మదనపల్లె

జవాబు: ఇలాగైతే తినదు. మీ మెషీన్ 150 కిలోవోల్టులు దాటదు. ఎలక్ట్రాన్ తగిలి సిలికాన్ పరమాణువు లేచిపోవాలంటే దానికి సుమారు 250 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైనా ఉండాలి. కాబట్టి మీ ఎక్స్‌రేలు పరమాణువులని కదిలించలేవు. చిప్పుల్లో ఉండే ఆక్సైడ్ పొరల్లో మాత్రం ఛార్జ్ పేరుకుంటుంది, అది వేరే రకం నష్టం.

ప్రశ్న: శ్రీహరికోట మా పక్కనే. ఇక్కడి నుంచి వెళ్ళే ఉపగ్రహాలకి కూడా ఈ బాధ ఉందా?
– సూళ్ళూరుపేట

జవాబు: ఉంది. సోలార్ ప్యానెళ్ళ శక్తి ఏడాదికి కొంత తగ్గడానికి ఒక కారణం ఇదే, భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లోని ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు వాటిలో పరమాణువులని లేపేస్తుంటాయి. మన చంద్రశేఖర్ గారి పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు కథ చెప్తాను. 1999 జూలైలో పైకి వెళ్ళింది. మొదటి వారాల్లోనే దాని కెమెరా చిప్పుల్లో చాలా వరకు దెబ్బతిన్నాయి. తక్కువ శక్తి ప్రోటాన్లు టెలిస్కోపు అద్దాల మీద జారుకుంటూ, ఎక్స్‌రేలతోపాటు నేరుగా కెమెరా మీదికి వచ్చి పడ్డాయి, అలా వస్తాయని ఎవరూ అనుకోలేదు. చిప్పులో ఛార్జ్ ఒక గడి నుంచి ఇంకో గడికి నడుస్తూ చిక్కుకోవడం మొదలైంది, పైన అలిపిరి దగ్గర చెప్పిందే. ఆపరేటర్లు కెమెరాని మైనస్ 120 డిగ్రీల దగ్గర నడిపారు, రేడియేషన్ పట్టీ దాటుతున్నంతసేపూ దాన్ని అద్దాల ఎదురు నుంచి పక్కకి జరిపి పెట్టడం మొదలుపెట్టారు. అంత దెబ్బ తిన్న కెమెరా ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసింది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. మీ వ్యాసం చదివి ఇదే చేస్తానంటోంది. మాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చదవాలి? మన దేశంలో ఈ పని ఉందా?
– ఒక తల్లి, పుంగనూరు

జవాబు: టెన్షన్ పడకండి అమ్మా, ఇష్టపడి అడుగుతున్న పిల్లని ఆపకండి. మన పక్కనే ఏర్పేడులో ఐసర్ (సైన్సు చదువులకి పెట్టిన కేంద్ర సంస్థ), ఐఐటీ రెండూ ఉన్నాయి, ఐసర్‌కి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి మంచి చోట ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. మన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలోనూ ఫిజిక్స్ చదవొచ్చు. ఈ పనికి ఫిజిక్స్ ఎంతో ఎలక్ట్రానిక్స్ అంతే కావాలి, కొంచెం ప్రోగ్రామింగ్ కూడా.

మన దేశంలో పని ఉంది. సీఎంఎస్‌లో ముందువరసలో ఒక భాగానికి కావలసిన సిలికాన్ సెన్సర్లని బాబా అణు పరిశోధన కేంద్రం డిజైన్ చేసి, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారు చేయించింది. గోరంతవి కావు, 6 సెంటీమీటర్ల చదరాలు, ఒక్కోదాని మీద 32 పట్టీలు. 2017 జనవరి నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం కూడా, దానివల్ల మన పిల్లలు అక్కడి ఉద్యోగాలకి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా ఆమెకి చెప్పండి. వెంట్రుక కంటే సన్నంగా, 25 మైక్రాన్ల అల్యూమినియం తీగని మైక్రోస్కోపు కింద సెన్సర్ నుంచి చిప్పుకి అతికించాలి. పిక్సెల్ సెన్సర్లకైతే తీగ కూడా ఉండదు, 50 మైక్రాన్లకి ఒకటి చొప్పున వేల లోహపు చుక్కలు పెట్టి దాని మీద చిప్పుని బోర్లించి అతికిస్తారు. సంక్రాంతికి చుక్కల ముగ్గు వేసేటప్పుడు ఒక్క చుక్క పక్కకి పోతే ఆఖర్న గీత కలవదు కదా, అదే పని ఇక్కడ గోరంత జాగాలో. ఓపిక ఉన్న చేతులు కావాలి. మైనస్ 20లో ఒక్కో వోల్టేజీ దగ్గర ఆగి ఆగి రాత్రంతా కొలవాలి. అది నచ్చితే ఈ పని నచ్చుతుంది.

ప్రశ్న: ఇంతా చేస్తే ఆ సెన్సర్లు ఎన్నాళ్ళుంటాయి? ఆ తర్వాత?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, శ్రీకాళహస్తి

జవాబు: నమస్కారం మాస్టారూ. లోపలి పొర ఎప్పటికీ ఉండాలని ఎవరూ అనుకోరు. సీఎంఎస్ 2017లో కొత్త పిక్సెల్ డిటెక్టర్ పెట్టింది, అందులో అన్నిటికంటే లోపలి పొరని కొన్నేళ్ళకే, ఎల్‌హెచ్‌సీ ఆగి ఉన్న సమయంలో, మళ్ళీ మార్చింది. 2030 తర్వాతి యంత్రానికి కూడా లోపలి పొరలని తీసి మార్చుకునేలాగే డిజైన్ చేశారు. బయటి పొరలకి దెబ్బ తక్కువ, అవి చివరిదాకా ఉండాలి.

ఆ తర్వాత అంటారా, ఇంకా పెద్ద యంత్రం ఒకటి ఆలోచిస్తున్నారు. అందులో లోపలి సెన్సర్ మీద పడే దెబ్బ 1 పక్కన 17 సున్నాలు దాటి పోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారమైతే అక్కడ ఎలక్ట్రాన్ రెండు మూడు మైక్రాన్లు కూడా నడవకూడదు, సిలికాన్ పని అయిపోయినట్టే. కానీ ఆ ల్యుబ్లియానా రియాక్టర్‌లోనే కొన్ని సెన్సర్లకి 16 పక్కన 16 సున్నాలంత దెబ్బ తినిపించి కొలిచినవాళ్ళున్నారు, అవి ఇంకా సిగ్నల్ ఇస్తున్నాయి, లెక్క చెప్పినదానికంటే ఎక్కువే ఇస్తున్నాయి. దెబ్బ పెరిగేకొద్దీ చిక్కుకోవడం అదే వరసలో పెరగడం లేదు, ఒక దశ దాటాక నెమ్మదిస్తోంది. ఆ కొలతల గ్రాఫ్ కాపీ ఒకటి ఈ ఉత్తరంతోపాటు మీకు పోస్టులో పంపుతున్నాను. అడ్డంగా ఉన్న గీతలో ఒక్కో గడికి పది రెట్లు, అది చూసుకుని చదవండి. గీత ఎక్కడ వంగుతోందో మీకు కనిపిస్తే నాకు రాయండి.